పాత ఫోటోలోని ఇంగ్లండ్ పల్లె వీధిని వెతికి పట్టుకుని, సరిగ్గా అదే చోట నిలబడి మళ్లీ ఫోటో తీయడం ఎలా: మొదటి నుంచి చివరి దాకా

నేను ఇంగ్లండ్‌లో విల్ట్‌షైర్‌లో ఉంటాను. పాత పోస్ట్‌కార్డులు కొంటాను, అందులో ఉన్న వీధి ఇప్పుడెలా ఉందో అదే కోణంలో తీసి పక్కపక్కన పెడతాను. అవి చూసిన ప్రతివాళ్లూ అడిగేది ఒకటే, "అదే చోటు ఎలా దొరికింది, అది ఏ సంవత్సరమో ఎలా తెలిసింది" అని. ఇక్కడున్న మనవాళ్లు కూడా చాలామంది అడిగారు, వీకెండ్ ఎటూ ఏదో ఒక పల్లెకి వెళ్తుంటాం కదా, ఎలా చేయాలో చెప్పండి అని. అందుకే మొత్తం వరుసగా రాస్తున్నా.

ముందు ఒక్క మాట. చాలామంది కార్డు కొనగానే కెమెరా పట్టుకుని ఊరికి వెళ్లిపోతారు. అక్కడే తేడా వస్తుంది. ముందు వీధి తేల్చాలి, తర్వాత సంవత్సరం, తర్వాత ఎండ వచ్చే టైము, ఆ తర్వాత నిలబడే చోటు, అన్నిటికన్నా చివర కెమెరా. పనిలో ముప్పావు వంతు ఇంట్లో టేబుల్ మీదే అయిపోతుంది.

ఉదాహరణకి లేకాక్ అనే ఊరు తీసుకుంటా. విల్ట్‌షైర్‌లోదే. ఫోటోగ్రఫీ కనిపెట్టినవాళ్లలో ఒకడైన ఫాక్స్ టాల్బట్ ఆ ఊరి ఆబీలో (ఒకప్పటి క్రైస్తవ మఠం, తర్వాత ఇల్లు) ఉండేవాడు, 1835 ఆగస్టులో ఆ ఇంటి కిటికీనే ఫోటో తీశాడు, ఇప్పటికి మిగిలిన అతి పాత నెగటివ్ అదే. ఊళ్లో ముఖ్యమైన వీధులు నాలుగే: హై స్ట్రీట్, వెస్ట్ స్ట్రీట్, చర్చ్ స్ట్రీట్, ఈస్ట్ స్ట్రీట్, ఒక చదరంలా కలుస్తాయి. నేర్చుకోడానికి ఇంతకన్నా మంచి ఊరు లేదు.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- పాత ఫోటో లేదా కార్డు, రెండు వైపులా స్కాన్ చేసింది
- 10 రెట్లు పెద్దగా చూపించే భూతద్దం
- ఆ ఊరి పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) మ్యాపు, మైలుకి 25 అంగుళాల స్కేలుది
- ఫోటో ఏ4 సైజు ప్రింటు, దాని మీద అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు గీతలు గీసుకోవాలి
- మిల్లీమీటర్లు ఉన్న మామూలు స్కేలు, మెత్తటి పెన్సిల్, చిన్న నోట్‌బుక్
- ఫోన్‌లో దిక్సూచి

ఆ మ్యాపులు స్కాట్లాండ్ నేషనల్ లైబ్రరీ వాళ్ల సైట్‌లో ఫ్రీగా చూడొచ్చు, ఇంగ్లండ్‌వి కూడా అక్కడే ఉన్నాయి. పాత మ్యాపు ఒక పక్క, ఇప్పటి శాటిలైట్ బొమ్మ ఇంకో పక్క పెట్టి చూసే ఆప్షన్ ఉంది, దానికి బాగా అలవాటు పడండి.

## 2. ఫోటోని ముట్టుకోవడం, స్కాన్ చేయడం

చేతులు కడుక్కుని బాగా ఆరనివ్వండి, అంచులు మాత్రమే పట్టుకోండి. ఆల్బమ్‌లో అతికించి ఉంటే లాగొద్దు, ఆల్బమ్ పేజీతో సహా స్కాన్ చేసేయండి.

స్కాన్ కనీసం 600 డిపిఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు అన్న లెక్క), చిన్న ఫోటో అయితే 1200. టిఫ్ ఫైలుగా సేవ్ చేసి ఆ ఫైలుని ఇక ముట్టుకోవద్దు, ఏం చేసినా కాపీ మీదే చేయాలి. నలుపు తెలుపు ఫోటో అయినా కలర్‌లోనే స్కాన్ చేయండి, ఎందుకంటే పసుపు మరక ఏది, పెన్సిల్ గీత ఏది అన్నది కలర్‌లోనే విడిగా తెలుస్తుంది. వెనక వైపు స్కాన్ చేయడం మర్చిపోవద్దు, చాలాసార్లు ముందు వైపు కన్నా వెనక వైపే ఎక్కువ చెప్తుంది.

భూతద్దంతో చూస్తే చిన్న చిన్న చుక్కలు వరుసగా కనిపిస్తే అది ప్రెస్‌లో అచ్చు వేసిన బొమ్మ. అలాంటిదాన్ని ఎంత పెద్దది చేసినా వివరం రాదు, చుక్కలే పెద్దవవుతాయి. చుక్కలు లేకపోతే అది అసలు ఫోటో ప్రింటు, అందులో దూరంగా ఉన్న బోర్డు మీద అక్షరాలు కూడా చదవగలిగే అవకాశం ఉంది.

## 3. బొమ్మ తిరగబడిందేమో చూసుకోవడం

గాజు నెగటివ్‌ల నుంచి, లాంతర్ స్లైడ్ల (తెర మీద వేసి చూపించే గాజు బొమ్మలు) నుంచి వచ్చిన బొమ్మలు ఒక్కోసారి అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారిపోయి ఉంటాయి. ఇది చూసుకోకపోతే ఊరంతా నాలుగుసార్లు తిరిగినా ఆ వీధి దొరకదు.

- షాపు బోర్డు అక్షరాలు సరిగ్గా చదవగలుగుతున్నామా?
- మగవాళ్ల కోటు, తొడుక్కున్నవాళ్ల ఎడమ పక్కది పైన ఉండి కుడి పక్క మీదకి వచ్చిందా? అలా ఉంటేనే కరెక్ట్.
- చర్చి గడియారం అంకెలు సరిగ్గా ఉన్నాయా?

ఒక్కటి తేడా వచ్చినా అడ్డంగా తిప్పి మళ్లీ చూడండి.

## 4. ఏ వీధో తేల్చడం

కార్డు మీద రాసిన పేరుని నమ్మొద్దు, ముఖ్యంగా పాత ఓనర్లు పెన్సిల్‌తో రాసిన వాటిని. అది ఒక ఆధారం మాత్రమే, తీర్పు కాదు.

నా సంగతే చెప్తా. ఆదివారం సంతలో మూడు పౌండ్లకి ఒక కార్డు కొన్నా, ముందు "లేకాక్" అని అచ్చు, వెనక ఎవరో పెన్సిల్‌తో "హై స్ట్రీట్" అని రాశారు. నేను నమ్మేసి హై స్ట్రీట్‌లో రెండు ఆదివారాలు తిరిగా, ఒక్క గోడ కూడా కలవలేదు. ఇంటికొచ్చి 1200 డిపిఐలో మళ్లీ స్కాన్ చేసి చూస్తే వీధి చివర చెట్టు కొమ్మల మధ్య సన్నగా సూదిమొన లాంటిది కనిపించింది. అంతకుముందు దాన్ని ప్రింటు మీద గీత అనుకున్నా. అది సెయింట్ సిరియాక్ చర్చి గోపురం కొన. ఆ చర్చి ఉన్నది చర్చ్ స్ట్రీట్ తూర్పు చివర. అంటే ఫోటోగ్రాఫర్ చర్చ్ స్ట్రీట్‌లో నిలబడి తూర్పుకి తిరిగి తీశాడన్నమాట.

వీధి తేల్చడానికి ఈ వరుసలో వెళ్లండి:

- ముందు చర్చి. ఇంగ్లండ్ పాత చర్చిల్లో బలిపీఠం తూర్పు చివర ఉంటుంది, టవర్ ఎక్కువగా పడమర చివర. చర్చి ఏ పక్క నుంచి కనిపిస్తోందో తెలిస్తే మీరు ఎటు తిరిగి ఉన్నారో తెలిసిపోతుంది.
- తర్వాత పై భాగం. కింద షాపు ముందుభాగం, తలుపు, కిటికీ మారిపోతాయి. పైన చిమ్నీల లెక్క, కప్పు వాలు, మేడ కిటికీల వరుస చాలా తక్కువగా మారతాయి. అందుకే ఫోటో కింది సగం చేత్తో మూసేసి పై సగం మాత్రమే పోల్చండి, ఈ ఒక్క అలవాటుతో సగం సమస్య తీరుతుంది.
- తర్వాత వంపులు. వీధి ఎడమకి తిరుగుతోందా, ఇల్లు ముందుకి పొడుచుకొచ్చిందా, సందు ఎక్కడ చీలుతోంది, ఇవన్నీ 25 అంగుళాల మ్యాపులో ఇంటింటికీ కనిపిస్తాయి.
- చివర ఎండ. మధ్యాహ్నం ప్రాంతంలో ఎండ దక్షిణం నుంచే వస్తుంది. తూర్పు పడమరలుగా ఉన్న వీధిలో ఎడమ పక్క ఇళ్ల మీద ఎండ పడుతోందంటే, ఆ ఇళ్లు దక్షిణానికి తిరిగి ఉన్నాయి, అంటే మీరు తూర్పుకి చూస్తున్నారు.

లేకాక్‌లో అయితే చర్చ్ స్ట్రీట్‌లో క్రక్ హౌస్ అని ఒక ఇల్లుంది, దాని వంపు తిరిగిన పెద్ద దూలం బయటికే కనిపిస్తుంది. అలాంటి ఒక్క గుర్తు ఫోటోలో దొరికితే ఇక వెతకాల్సిన పనిలేదు.

కట్టడం పేరు తెలిస్తే పాత కట్టడాలు చూసుకునే హిస్టారిక్ ఇంగ్లండ్ వాళ్ల లిస్టెడ్ బిల్డింగ్స్ (చట్టం కాపాడే కట్టడాలు) జాబితాలో వెతకండి. గోడ రాయిదా ఇటుకదా, కిటికీలు ఎన్ని, చిమ్నీ ఎక్కడ అన్నది అందులో రాసి ఉంటుంది.

అసలు వీధే లేకపోతే? ఇదే విల్ట్‌షైర్‌లో ఇంబర్ అని ఊరుంది, 1943 డిసెంబర్‌లో సైన్యం శిక్షణ కోసం ఊరంతా ఖాళీ చేయించారు, మళ్లీ ఎవరినీ వెనక్కి రానివ్వలేదు. అలాంటి చోట పాత మ్యాపు, సెయింట్ జైల్స్ చర్చి టవర్, ఈ రెండే దిక్కు. అక్కడికి ఏడాదిలో అనుమతి ఇచ్చే కొన్ని రోజులే వెళ్లాలి, రోడ్డు దిగకూడదు, పేలని గుండ్లు ఉంటాయి.

## 5. ఏ సంవత్సరమో తేల్చడం

ఒక్క సంవత్సరం చెప్పాలని తొందరపడొద్దు. కాగితం మీద రెండు గడులు గీసుకోండి: "దీనికంటే ముందు కాదు", "దీని తర్వాత కాదు". దొరికిన ప్రతి ఆధారాన్నీ ఏదో ఒక గడిలో వేయండి. రెండు గడుల మధ్య మిగిలిందే మీ జవాబు.

కార్డు వెనక ఏం చూడాలి

- వెనక వైపు మధ్యలో గీత ఉండి ఒక పక్క అడ్రసు, ఒక పక్క ఉత్తరం రాసే చోటు ఉంటే 1902 లేదా తర్వాత. వెనకంతా అడ్రసుకే ఉంటే అంతకుముందు పద్ధతి.
- స్టాంపు చోట "హాఫ్‌పెన్నీ" అని అచ్చు ఉంటే 1918 జూన్‌కి ముందు అచ్చయింది. ఆ నెల నుంచి పోస్ట్‌కార్డు రేటు ఒక పెన్నీ అయింది, మధ్యలో 1921లో ఒకటిన్నర పెన్నీ చేసి 1922లో మళ్లీ పెన్నీకి తెచ్చారు, 1940లో రెండు పెన్నీలు.
- స్టాంపు మీద రాజు: ఏడో ఎడ్వర్డ్ 1902 నుంచి, ఐదో జార్జ్ 1911 నుంచి, ఆరో జార్జ్ 1937 నుంచి, రెండో ఎలిజబెత్ 1952 డిసెంబర్ నుంచి.
- ఫ్రిత్ కంపెనీ కార్డు అయితే బొమ్మ కింద చిన్న నంబరు ఉంటుంది, అది నెగటివ్ నంబరు. ఫ్రాన్సిస్ ఫ్రిత్ 1860లో రీగేట్‌లో మొదలుపెట్టిన సంస్థ అది, ఆ నంబరుతో వాళ్ల ఆర్కైవ్‌లో వెతికితే సంవత్సరం దొరుకుతుంది.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. పోస్టు ముద్ర తేదీని ఫోటో తేదీ అనుకుంటారు. పబ్లిషర్లు ఒకే నెగటివ్‌ని ఏళ్ల తరబడి అచ్చు వేసి అమ్మేవాళ్లు. నా చర్చ్ స్ట్రీట్ కార్డు మీద ఐదో జార్జ్ హాఫ్‌పెన్నీ స్టాంపు ఉంది, అంటే పోస్టు చేసింది 1911, 1918 మధ్యలో. కానీ గుమ్మంలో నిలబడ్డ ఆవిడ జాకెట్టు చేతులు భుజం దగ్గర బెలూన్‌లా ఉబ్బి మోచేతి కింద బిగుతుగా ఉన్నాయి. ఆ ఫ్యాషన్ 1893 నుంచి 1896 ప్రాంతంది. పల్లెటూళ్లో ఒక జాకెట్టుని చాలా ఏళ్లు తొడుక్కుంటారు అనుకున్నా, ఫోటో కార్డు కన్నా కొన్నేళ్లు పాతదే అయ్యుంటుంది. అందుకే పోస్టు ముద్ర ఎప్పుడూ "దీని తర్వాత కాదు" గడిలోకే వెళ్తుంది, ఇంకో గడిలోకి కాదు.

వీధిలో ఏం చూడాలి

ఇవన్నీ "దీనికంటే ముందు కాదు" గడిలోకి వెళ్లేవి:

- బండికి నంబర్ ప్లేటు: 1904. విల్ట్‌షైర్ బండ్ల మొదటి కోడ్ ఏ, ఎమ్ అక్షరాలు.
- యుద్ధ స్మారక స్తంభం మీద మొదటి ప్రపంచ యుద్ధం పేర్లు: 1918 తర్వాత, ఎక్కువ ఊళ్లలో 1920ల మొదట్లో కట్టారు.
- 30 మైళ్ల స్పీడ్ లిమిట్ బోర్డు: 1935.
- ఆర్కిటెక్ట్ గైల్స్ గిల్బర్ట్ స్కాట్ డిజైన్ చేసిన కె6 రకం ఎర్ర టెలిఫోన్ పెట్టె, పల్లెల్లో ఎక్కువగా కనిపించేది: 1936.
- జీబ్రా క్రాసింగ్: 1951.
- కప్పు మీద హెచ్ ఆకారం, ఎక్స్ ఆకారం పెద్ద టీవీ ఏరియల్: ఈ పడమటి వైపు ఊళ్లలో 1952, ఎందుకంటే వీటికి టీవీ పంపే వెన్‌వో ట్రాన్స్‌మిటర్ ఆ ఏడాది ఆగస్టులో మొదలైంది.
- నంబర్ ప్లేటు చివర సంవత్సరం అక్షరం: 1963.
- ఇప్పుడు మనం చూస్తున్న రకం రోడ్డు బోర్డులు: 1965.

పోస్ట్‌బాక్స్ మీద రాజు లేదా రాణి పేరు మొదటి అక్షరాలుంటాయి, అది ఎప్పుడు పెట్టారో చెప్తుంది. కానీ విక్టోరియా పెట్టెలు ఇప్పటికీ వాడుతున్నారు, అందుకే దాన్ని "ముందు కాదు" గడిలో తప్ప ఇంకెక్కడా వేయకూడదు. కారు నంబరు కూడా అంతే, 1930లో కొన్న కారు 1950 ఫోటోలో ఉండొచ్చు.

రెండో యుద్ధం నాటి ఫోటోలకి ప్రత్యేక గుర్తులున్నాయి. చీకట్లో కనపడాలని ఫుట్‌పాత్ అంచులకి, చెట్ల మొదళ్లకి తెల్ల పట్టీలు వేశారు. శత్రువు దిగితే దారి తెలియకూడదని 1940లో దారి చూపే బోర్డులు పీకేశారు. ఇంటి ముందు ఇనుప కటకటాలు ఉండాల్సిన చోట రాతిలో తెగిన ఇనుప ముక్కలు మాత్రమే కనిపిస్తే, అవి యుద్ధంలో కరిగించడానికి తీసుకెళ్లినవి అయ్యుండొచ్చు.

లేనిదాన్ని చూసి తేదీ చెప్పొద్దు. ఇది లేకాక్ నాకు నేర్పిన పాఠం. 1944లో ఆబీ ఓనర్ మటిల్డా టాల్బట్ ఆబీతో పాటు ఊరిని కూడా పాత కట్టడాలు కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థకి ఇచ్చేసింది, తర్వాత వాళ్లు తీగలు, ఏరియల్స్ కనపడకుండా ఊరిని కాపాడుకుంటూ వచ్చారు. అలాంటి ఊరి ఫోటోలో ఏరియల్ లేదు కాబట్టి 1950కి ముందుది అంటే పూర్తిగా తప్పు. ఇంకో తంటా, ఇలాంటి ఊళ్లలో సినిమా షూటింగులకి రోడ్డు మీద మట్టి పోసి, షాపులకి పాత పేర్లు తగిలించి, గుర్రబ్బండ్లు పెడతారు. మట్టి రోడ్డు ఉంది కదా అని మోసపోవద్దు, ఫోటో కాగితం ఎలాంటిదో చూడండి.

రంగుల విషయం కూడా జాగ్రత్త. పాతకాలం కెమెరాల్లో ఫిల్ము బదులు వాడిన గాజు ప్లేట్లకి ఎరుపు సరిగ్గా పట్టేది కాదు, ఎర్ర ఇటుక నల్లగా పడేది, నీలం ఆకాశం తెల్లగా పోయేది. ఫోటోలో నల్లటి గోడ కనిపిస్తే అది ఎర్ర ఇటుక గోడే అయ్యుండొచ్చు.

## 6. షాపు బోర్డు నుంచి మనుషుల దాకా

బోర్డు మీద ఓనర్ పేరు చదవగలిగితే సంవత్సరం ఇంకా దగ్గరికి వస్తుంది. కెల్లీస్ డైరెక్టరీ అని ప్రతి కౌంటీకీ వచ్చేది, ఊరూరా షాపులవాళ్లు, రైతులు, పబ్బు నడిపేవాళ్ల పేర్లు అందులో ఉంటాయి. లెస్టర్ యూనివర్సిటీ వాళ్లు చాలావాటిని ఫ్రీగా ఆన్‌లైన్‌లో పెట్టారు. ఒక పేరు ఏ ఏడాది పుస్తకంలో మొదట కనిపించింది, ఏ ఏడాదిలో మాయమైంది చూసుకుంటే చాలు.

జనాభా లెక్కలు పదేళ్లకోసారి, 1841 నుంచి 1921 దాకా పేర్లతో సహా చూడొచ్చు. 1931వి 1942లో మంటల్లో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల అసలు తీయలేదు, అందుకే ఆ మధ్యకాలానికి 1939 రిజిస్టర్ (యుద్ధం మొదట్లో జనం పేర్లు రాసుకున్న జాబితా) వాడతారు.

## 7. ఎండ టైము పట్టుకోవడం

నీడలు కలవకపోతే ఎంత కరెక్టు కోణమైనా జత చూసినప్పుడు రెండూ వేరే వీధుల్లా అనిపిస్తాయి. కాబట్టి ఇది వదిలేయొద్దు.

మన దగ్గర ఎండాకాలం మిట్టమధ్యాహ్నం నీడ కాళ్ల కిందకి వచ్చేస్తుంది. ఇంగ్లండ్‌లో అది ఎప్పటికీ జరగదు. లేకాక్‌లో మధ్యాహ్నం నిలువు స్తంభం నీడ జూన్ చివర స్తంభం ఎత్తులో సగం ఉంటుంది, మార్చి, సెప్టెంబర్ చివర్లో ఎత్తుకి ఒకటింపావు రెట్లు, డిసెంబర్ చివర దాదాపు మూడున్నర రెట్లకి పైనే. ఫోటోలో మనిషి నీడని మనిషి ఎత్తుతో పోల్చి చూడండి, నేల మీద నీడ కోణం వల్ల కుదించినట్టు కనపడుతుంది కాబట్టి అంచనాగానే తీసుకోండి. చెట్లకి ఆకులున్నాయా లేదా అన్నది దానికి కలిపితే నెల దాదాపు తెలుస్తుంది.

చర్చి గడియారం కనిపిస్తే అదృష్టం. కానీ 1916 మే నుంచి ఇక్కడ వేసవిలో గడియారం గంట ముందుకి జరుపుతున్నారు. 1916కి ముందు జూన్ ఫోటోలో గడియారం 11 చూపిస్తుంటే మీరు 12కి వెళ్లాలి.

ఒక నెల తప్పిపోతే ఏడాది ఆగక్కర్లేదు, సూర్యుడు అదే దారిలో రెండోసారి వస్తాడు. మే 1న ఎండ ఎలా ఉంటుందో ఆగస్టు 12 ప్రాంతంలో మళ్లీ అలాగే ఉంటుంది.

## 8. నిలబడే చోటు పట్టుకోవడం

అన్నిటిలోకీ ఇదే అసలు పని, నెమ్మదిగా చదవండి. ఒక విషయం గుర్తుపెట్టుకోండి: కోణాన్ని నిర్ణయించేది లెన్సు కాదు, మీరు నిలబడ్డ చోటు. జూమ్ చేస్తే బొమ్మ పెద్దదవుతుంది అంతే, ముందున్న ఇల్లు వెనకున్న ఇంటిని ఎంత కప్పుతోంది అన్నది జూమ్‌తో మారదు.

ముందు పక్కలకి. ఫోటోలో దగ్గరగా ఉన్న ఒక నిలువు అంచు, దూరంగా ఉన్న ఒక గుర్తు ఎంచుకోండి. నా కార్డులో దగ్గరి అంచు ఒక ఇంటి మూల, దూరపు గుర్తు ఒక చిమ్నీ, ఆ చిమ్నీలో సగం మూల వెనక దాక్కుని ఉంది. నేను నిలబడ్డ చోట చిమ్నీ మొత్తం కనిపించింది, అంటే పక్కకి జరగాలి. అర అడుగు చొప్పున జరిగితే చిమ్నీ కొంచెం కొంచెం లోపలికి వెళ్లింది, సగం కాగానే ఆగా. ఇంకో పక్క అంచుతో కూడా ఇదే చేసి సరిచూసుకోవాలి.

తర్వాత ముందుకీ వెనక్కీ. దీనికి చిన్న లెక్క. ఒకే రకం, ఒకే సైజు ఉన్న రెండు కిటికీలు ఎంచుకోండి, ఒకటి దగ్గర, ఒకటి దూరం. ప్రింటు మీద స్కేలుతో కొలవండి. దగ్గరిది 24 మిల్లీమీటర్లు, దూరంది 8 వచ్చిందనుకుందాం, నిష్పత్తి 3. మ్యాపులో ఆ రెండింటి మధ్య దూరం 20 మీటర్లు. 20ని, నిష్పత్తిలోంచి ఒకటి తీసేసిన 2తో భాగిస్తే 10. అంటే ఫోటోగ్రాఫర్ దగ్గరి కిటికీకి 10 మీటర్ల దూరంలో ఉన్నాడు. మీరు అక్కడికెళ్లి తీసిన ఫోటోలో నిష్పత్తి 2.5 వస్తే 20ని 1.5తో భాగిస్తే 13.3, అంటే మీరు మూడు మీటర్లకి పైగా వెనక ఉన్నారు, ముందుకి రండి.

చివరగా ఎత్తు. చదునైన వీధిలో దగ్గరా దూరంగా నిలబడ్డ పెద్దవాళ్ల తలలన్నీ ఒకే గీత మీద ఉంటే కెమెరా వాళ్ల తల ఎత్తులో ఉందన్నమాట. తలల మీదుగా వెనకాల వీధి కనిపిస్తోందంటే ఫోటోగ్రాఫర్ బండి మీదనో మేడ కిటికీలోనో ఉన్నాడు. మేడ కిటికీ అయితే ఆ ఇంటి తలుపు తట్టి, ఫోటో చూపించి, మర్యాదగా అడగడమే. నన్ను రెండుసార్లు లోపలికి రానిచ్చారు, ఒకసారి టీ కూడా ఇచ్చారు.

## 9. ఫోటో తీసే రోజు

- గీతలు గీసిన ప్రింటు చేతిలో పట్టుకోండి, కెమెరా తెరమీద కూడా గ్రిడ్ ఆన్ చేయండి
- కెమెరాని పైకి వంచొద్దు, సమంగా పట్టుకుని వెడల్పుగా తీసి తర్వాత కట్ చేయండి. పాత కెమెరాల్లో లెన్సుని మాత్రం పైకి జరిపే ఏర్పాటు ఉండేది, అందుకే వాటిలో గోడలు నిటారుగా ఉంటాయి
- ఒక్కో అడుగు తేడాతో తొమ్మిది ఫోటోలు తీయండి, ముందు మూడు, మధ్య మూడు, వెనక మూడు
- నిలబడ్డ చోటుని నోట్‌బుక్‌లో రాసుకోండి, ఏ గుమ్మానికి ఎన్ని అడుగులు అని. సందుల్లో జీపీఎస్ కొన్ని మీటర్లు తప్పు చూపిస్తుంది

అప్పట్లో వాళ్లు నడిరోడ్డు మీద స్టాండు పెట్టుకుని తాపీగా తీశారు. ఇప్పుడు అదే చోట కార్లు వస్తాయి. పక్కన ఒకరిని కాపలా పెట్టుకోకుండా రోడ్డు మీదకి దిగొద్దు, ఫోటో కోసం ప్రాణం మీదకి తెచ్చుకోకండి. పార్కింగ్ చేసిన కార్లు అడ్డమైతే వారం మధ్యలో పొద్దున్నే రండి.

ఆ ఇళ్లలో మనుషులు కాపురం ఉంటున్నారు. కిటికీల్లోంచి లోపలికి తీయొద్దు, పిల్లల మొహాలు, కారు నంబర్లు ఆన్‌లైన్‌లో పెట్టే ముందు మసక చేయండి.

## 10. రెండింటినీ జత చేయడం

గింప్ లాంటి ఫ్రీ ప్రోగ్రాం చాలు. కొత్త ఫోటో కింద, పాతది పైన, పైదాన్ని సగం పారదర్శకం చేయండి. దూరదూరంగా ఉన్న రెండు గుర్తులు, ఒక చిమ్నీ, ఒక కిటికీ మూల, కలిసేలా కొత్తదాన్ని పెద్దది చిన్నది చేయండి, కొద్దిగా తిప్పండి. అంతవరకే.

సాగదీసి వంచి బలవంతంగా కలపొద్దు. కలవలేదంటే నిలబడ్డ చోటు తప్పు, మళ్లీ వెళ్లాలి. తొమ్మిది ఫోటోల్లో ఏదో ఒకటి దాదాపు కలుస్తుంది, ఏ వైపు తేడా ఉందో అదే చెప్తుంది.

## 11. ఎక్కువమందికి వచ్చే సమస్యలు

గోడ కలుస్తోంది, కిటికీలు కలవట్లేదు. కిటికీ మూసేసి పక్కన కొత్తది పెట్టి ఉంటారు. రాయి రంగులో, సున్నం గీతలో అతుకు కోసం చూడండి.

ఇల్లు పొట్టిగా అయినట్టుంది. గుమ్మం మెట్లు లెక్కపెట్టండి. రోడ్డు మీద పొర మీద పొర వేస్తూ పోతే ఒక మెట్టు కిందికి పోయి ఉండొచ్చు.

కప్పు వేరే. గడ్డి కప్పు తీసి పెంకు వేసి ఉంటారు. గడ్డి కప్పు వాలు బాగా నిటారుగా ఉంటుంది, పక్కగోడ త్రికోణంలో ఆ పాత వాలు గుర్తు మిగిలి ఉందేమో చూడండి.

చెట్టు మొత్తం కప్పేసింది. జనవరిలో రండి.

ఫోటోలో మనుషులు దెయ్యాల్లా పొగలాగా ఉన్నారు. అది పాడైన ఫోటో కాదు, ప్లేటు మీద వెలుగు పడుతున్నంతసేపు వాళ్లు కదిలారు. శుభ్రం చేయాలని వాళ్లని తుడిచేయొద్దు.

## 12. ఆన్‌లైన్‌లో పెట్టే ముందు, దాచే ముందు

కార్డు కొన్నంత మాత్రాన దాని మీద హక్కులు మనవి కావు. బ్రిటన్‌లో కాపీరైట్ మామూలుగా ఫోటో తీసినవాళ్లు చనిపోయాక 70 ఏళ్ల దాకా ఉంటుంది. పేరున్న ఫోటోగ్రాఫర్ అయితే ఎప్పుడు చనిపోయాడో చూసుకోండి, లైబ్రరీ నుంచో ఆర్కైవ్ నుంచో తీసుకున్నదైతే వాళ్ల షరతులు చదవండి.

జత పూర్తయ్యాక ఒక కాపీ ఆ కౌంటీ ఆర్కైవ్‌కి ఇస్తామని అడగండి, ఈ చుట్టుపక్కల ఊళ్లకైతే చిప్పెన్‌హామ్‌లో విల్ట్‌షైర్ అండ్ స్విండన్ హిస్టరీ సెంటర్ ఉంది.

కార్డు వెనక బాల్‌పెన్‌తో రాయొద్దు, సిరా ముందుకి దిగుతుంది. విడిగా కాగితం మీద పెన్సిల్‌తో రాసి కార్డుతో పాటు కవర్లో పెట్టండి. నా కార్డు కవర్లో ఉన్న కాగితం ఇలా ఉంటుంది, మీరు ఇదే పద్ధతిలో రాసుకోవచ్చు:

- ఊరు, వీధి: లేకాక్, చర్చ్ స్ట్రీట్, తూర్పుకి చూస్తూ
- ఎలా తెలిసింది: వీధి చివర చెట్టు కొమ్మల్లో చర్చి గోపురం కొన
- వెనక పెన్సిల్ రాత: "హై స్ట్రీట్", తప్పు, చెరపలేదు
- ముందు కాదు: 1893 ప్రాంతం, జాకెట్టు చేతుల్ని బట్టి, గట్టి ఆధారం కాదు
- తర్వాత కాదు: 1918 జూన్, స్టాంపు రేటుని బట్టి
- ఎండ: ఎడమ పక్క ఇళ్ల మీద, ఆకులు నిండుగా
- గుమ్మంలో ఆవిడ: పేరు ఇంకా దొరకలేదు, 1891, 1901 లెక్కలు చూడాలి